కారు క్రింది చప్పుడు

దసరా పండుగకు మనము కారును కడిగి, బొట్టు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు ఉంచుచున్నాము. ఇంటిలోని మనిషివలెనే దానిని చూచుకొనుచున్నాము. కాని మనిషికి జబ్బు చేసినపుడు ఎక్కడ నొప్పి, ఎప్పుడు నొప్పి, ఏమి తిన్న తరువాత నొప్పి అని అడుగుదుము. కారు మూలిగినపుడు మాత్రము ఆ ప్రశ్నలేవియు అడుగక, నేరుగా ఏదో యొక సామాను మార్పించుచున్నాము. కారునకు నోరు లేదు గాని మాట ఉన్నది. ఆ మాటయే చప్పుడు. అందులోను కారు పొట్ట క్రిందనుండి వచ్చు చప్పుడును గూర్చి, ముఖ్యముగా మార్పులు చేసిన కారులలో షాఫ్టు తిరుగుటకు చోటు చాలకపోవుటచే వచ్చు చప్పుడును గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

ముందుగా ఈ షాఫ్టు సంగతి. అంబాసిడరు, జీపు మొదలైన పాత పద్ధతి బండ్లలో ఇంజను ముందు ఉండును. అది త్రిప్పవలసిన చక్రములు వెనుక ఉండును. ఈ రెంటికిని నడుమ వారధివంటిది ఒక పొడవైన ఉక్కు గొట్టము. దానినే ప్రొపెల్లర్ షాఫ్టు అందురు. దాని ముందు కొస గేరుపెట్టెకును, వెనుక కొస ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్‌కును తగిలించి యుండును. గేరుపెట్టె బండి చట్రమునకు బిగించి యున్నది గనుక అది దాదాపుగా కదలదు. ఇరుసు అట్లు కాదు. అది కమానుల మీద ఆధారపడి, గుంట వచ్చినపుడెల్ల లేచుచు పడుచు ఉండును. కావున షాఫ్టు ఒకే సమయమున రెండు పనులు చేయవలెను: తన చుట్టు తాను తిరుగవలెను, వెనుక కొసతో పైకి క్రిందికి ఊగవలెను. ఊగుటకు వీలుగా రెండు కొసల యందును క్రాసులు అను కీళ్ళున్నవి. ఊగునపుడు పొడవు కొంచెము హెచ్చి తగ్గుచుండును గనుక, ఒకదానిలో ఒకటి జారు పళ్ళ అమరిక గూడ నున్నది.

ఇంత కదలిక గల వస్తువు మన కాళ్ళ క్రిందనే, కారు నేలలో సొరంగమువలె ఎత్తుగా మలచిన గూటిలో తిరుగుచున్నది. షాఫ్టునకును ఆ గూటికిని నడుమ ఉండు ఖాళీనే మేస్త్రీలు గ్యాపు అందురు; మనము సందు అనుకొందము. బండిని తయారుచేసినవారు ఈ సందును ఊరక విడువలేదు. నిండు బరువుతో బండి పోవుచుండగా, చక్రము పెద్ద గుంటలో పడి ఇరుసు లేవగలిగినంత ఎత్తు లేచినను షాఫ్టు దేనికిని తగులకుండవలెనని లెక్కవేసి విడిచినారు. ఆ లెక్కలో బండి బరువు, కమానుల బలము, టైరుల కొలత, గేరుపెట్టె ఎత్తు, అన్నియు చేరి యున్నవి. వీనిలో ఏ ఒక్కటి మార్చినను ఆ లెక్క మారును. మార్పు చేసిన బండిలో చిక్కు అంతయు ఇచ్చటనే ఉన్నది.

విజయవాడలో ఈ విషయము చెప్పుకొనుటకు ప్రత్యేకమైన కారణము గలదు. చెన్నైనుండి కలకత్తా పోవు జాతీయ రహదారియు, బందరునుండి హైదరాబాదు మీదుగా పూనా పోవు రహదారియు కలిసికొను ఊరిది. 1966లో ఏర్పడిన జవహర్ ఆటోనగరు నేడు దేశములో మోటారు పనికి పేరుపడిన చోటులలో నొకటి. ఇంజను, చట్రము మాత్రమే కలిగి వచ్చిన లారీ ఇచ్చట బాడీ కట్టించుకొని బయటికి పోవును. ఇనుము కోయువారు, అతుకువారు, లేతు పట్టువారు, కమానులు సాగగొట్టువారు ఒకే వీధిలో దొరకుదురు. అట్టి చోట మనిషికి బండిని మార్చవలెననిపించుట సహజము. పెట్రోలు ఇంజను తీసి డీసెలు ఇంజను పెట్టువారు, జీపు వెనుక భాగమును పొడిగించువారు, గుంటలకు భయపడి కమానులలో ఒక పట్టీ అదనముగా వేయించువారు, అందము కొరకు బండిని క్రిందికి దించువారు మనలో ఎందరో ఉన్నారు.

డెల్టా దారులు గూడ ఇందుకు తోడగుచున్నవి. మన పల్లె దారులు చాలవరకు కాలువ గట్ల మీద నడచుచున్నవి. తూముకడ ఎత్తు, తూము దాటగానే పల్లము. క్రింద నల్లరేగడి నేల. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలువారి, మీది తారును అలలవలె చేయును. అవనిగడ్డ వైపు పోయినను, గుడివాడ వైపు పోయినను ఈ అలలు తప్పవు. సాఫుగానున్న రహదారి మీద ఏ చప్పుడును లేని బండి, గట్టు దారి పట్టగానే మూలుగుటలో వింత లేదు. అచ్చట ఇరుసు ఎక్కువగా ఊగుచున్నది, సందు తక్కువగుచున్నది.

ఇక చప్పుడులను వేరుపరుచుట ఎట్లు? కొంచెము లెక్క అవసరము. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. అనగా నిమిషమునకు 1,000 మీటర్లు. చక్రము ఒక మారు తిరిగినచో సుమారు 2 మీటర్లు పోవును. కావున చక్రము నిమిషమునకు 500 మారులు, అనగా సెకండునకు ఎనిమిది మారులు తిరుగుచున్నది. డిఫరెన్షియల్‌లో పళ్ళ నిష్పత్తి నాలుగున్నర ఐనచో, షాఫ్టు సెకండునకు ముప్పదియేడు మారులకు పైగా తిరుగుచున్నది. చక్రములో దోషమున్నచో మనకు లెక్కపెట్టదగిన కుదుపువలె తెలియును. షాఫ్టులో దోషమున్నచో అది లెక్కకు అందదు. పాదముల క్రింద తేనెటీగల తుట్టె ఉన్నట్లు ఝుమ్మను అదురుగా తెలియును. ఈ భేదము ఒక్కటి తెలిసినవారికి సగము శ్రమ తగ్గును.

అదురు ఇంజనుదా, షాఫ్టుదా అను సందేహము వచ్చినచో, ఇంజను వేగము మార్చి చూడవలెను. ఖాళీగానున్న సమమైన దారిలో, అదురు వచ్చు వేగముననే, గేరు మార్చి నడిపి చూడుడు. బండి వేగము అదియే, ఇంజను వేగము మాత్రము వేరు. అప్పుడును అదురు అట్లే ఉన్నచో ఇంజను నిర్దోషి. దోషము గేరుపెట్టెకు వెనుకవైపుననే వెదకవలెను. గేరు వేసి క్లచ్చి వదలినపుడు ఒక్కమారు “టంగు”మని, ఆ తరువాత మాట లేకున్నచో, క్రాసు అరిగినదో, జారు పళ్ళు వదులైనవో, డిఫరెన్షియల్‌లో వదులు పెరిగినదో చూచుకొనవలెను. గుంటలో పడినపుడు మాత్రమే, అందులోను బరువున్నపుడు మాత్రమే “దడ్” మని మ్రోగినచో, అది అరుగుదల మాట కాకపోవచ్చును. సందు చాలక షాఫ్టు దేనికో తగులుచున్నదని మొదట అనుమానింపవలెను.

ఎత్తు ఎక్కునపుడు గాని, నిలిచిన బండిని ఒక్కసారి లాగించునపుడు గాని మ్రోగినచో మరియొక సంగతి గమనింపవలెను. కమానుల మీదనున్న ఇరుసు, చక్రములను ముందుకు త్రిప్పునపుడు తాను వెనుకకు మెలిపడుటకు చూచును. అప్పుడు డిఫరెన్షియల్ ముక్కు పైకి లేచును. దానితో షాఫ్టు వెనుక కొసయు లేచును. బ్రేకు వేసినపుడు ఆ ముక్కు క్రిందికి వంగును. ఇంద్రకీలాద్రి ఘాటురోడ్డువంటి ఎత్తున మ్రోగి సమమైన దారిలో మ్రోగనిచో, కమానులను ఇరుసునకు పట్టియుంచు యు-బోల్టులు వదులైనవో, కమానులు సత్తువ కోల్పోయినవో చూడవలెను. ఈ విధముగా చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నదో తెలిసికొనిన తరువాతనే బండి క్రిందికి దూరవలెను.

క్రిందికి దూరినపుడు చూడవలసినవి మచ్చలు. రెండు వస్తువులు తగిలినపుడు రెంటి మీదను గుర్తు పడును. ఆ గుర్తులను చదువుట వచ్చినవాడు సగము వైద్యుడు. షాఫ్టు మీద గీత చుట్టును గాజువలె పూర్తిగా పడి యున్నచో, షాఫ్టు తిన్నగనే తిరుగుచున్నది. ఏదో యొకటి దానికి చేరువగా వచ్చుచున్నది, లేదా అది దేనికో చేరువగా పోవుచున్నది. షాఫ్టు మీద గీత ఒక్క ప్రక్కనే పడి యున్నచో, షాఫ్టే వంగి యున్నది. ఉబ్బెత్తుగా నున్న వైపు మాత్రమే వచ్చి తగులుచున్నది. మొదటిదానికి షాఫ్టును మార్చి ప్రయోజనము లేదు. రెండవదానికి కమానులను మార్చి ప్రయోజనము లేదు. ఈ రెంటిని వేరుపరుపలేక ఎంత ధనము వ్యర్థమగుచున్నదో చెప్పతరము కాదు.

తరువాత మచ్చ ఎచ్చట పడినదో చూడవలెను. షాఫ్టు ముందు కొస కదలక, వెనుక కొస ఊగుచున్నదని చెప్పుకొంటిమి గదా. గూటి వెనుక భాగమున మచ్చ ఉన్నచో ఇరుసు అతిగా లేచుచున్నదని అర్థము: కమానులు చదునైనవి, లేక ఇరుసు అతిగా లేవకుండ ఆపు రబ్బరు దిమ్మెలు ఊడిపోయినవి. ముందు భాగమున మచ్చ ఉన్నచో గేరుపెట్టె తన చోటినుండి జరిగినదని అర్థము: దానిని మోయు రబ్బరులు క్రుంగినవి, లేక క్రొత్త ఇంజనును కూర్చుండబెట్టినపుడు అడ్డకమ్మి ఎత్తు తప్పినది. నడుమ ఉన్నచో షాఫ్టు వంపును, సైలెన్సరు గొట్టము వ్రేలాడుటను, నేల రేకును చూడవలెను.

మచ్చలు పాతవో క్రొత్తవో తెలియనపుడు ఆటోనగరులో మేము చూచిన ఒక ఉపాయము మిక్కిలి సులభమైనది. గూటి లోపల ముందు, నడుమ, వెనుక మూడు చోట్ల బంకమట్టి ముద్దలు రెండు వ్రేళ్ళ మందమున అంటింతురు. బండిలో మనుష్యులను ఎక్కించుకొని మెల్లగా నాలుగు గుంటలు దాటించి తెచ్చెదరు. షాఫ్టు మట్టిని కోసికొని పోయిన తరువాత మిగిలిన మందమే అసలు సందు. అగ్గిపుల్ల గ్రుచ్చి కొలిచినచో చాలును. మట్టి అడుగంట కోసికొని పోయి ఇనుము కనబడినచో, అచ్చటనే తగులుచున్నదని సాక్ష్యము దొరకినట్లే.

ఈ ఉపాయమును మేము చూచినది ఒక పాత అంబాసిడరు కారు విషయమున. అంబాసిడరుల తయారీ 2014లో నిలిచిపోయినను, మరమ్మతులతో బ్రతుకుచున్నవి ఇంకను కొన్ని గలవు. ఈ కారును గుడివాడ వైపు పల్లెనుండి ఒకాయన బాడుగకు నడుపుచున్నాడు. పెండ్లివారిని, ఆసుపత్రికి పోవువారిని బెజవాడకు తెచ్చి దించుట ఆయన పని. ఇంజను మార్పించినాడు, దానికి తగినట్లు షాఫ్టును కోయించి కురుచ చేయించినాడు, తుప్పుపట్టిన నేలకు క్రొత్త రేకు వేయించినాడు. అప్పటినుండి క్రింద చప్పుడు. ఒక్క సంవత్సరములో మూడు మారులు క్రాసులు మార్పించినాడు. మార్చిన నెలనాళ్ళు బాగుండును. ఆపైన మరల మామూలే. బాడుగకు పిలుచువారు “ఆ చప్పుళ్ళ కారా?” అనుట మొదలిడినారట.

మేస్త్రి వయసు మీరినవాడు. కారును ఎత్తి చూడలేదు. ముందుగా ప్రశ్నలే అడిగినాడు.

“ఎప్పుడు మోగుద్దిరా?”

“ఖాళీగా ఉంటే చప్పుడే లేదు బాబాయ్. వెనకాల నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే తూము దగ్గర మోగుద్ది.”

“మరి క్రాసులు మార్చినోళ్ళు ఆ నలుగురినీ ఎక్కించి చూశారా?”

“లేదు బాబాయ్. పైకి లేపి, చేత్తో ఊపి చూశారు.”

“అయితే ముందు ఆ నలుగురినీ తీసుకురా. తర్వాత చూద్దాం.”

ఇందులో ఉన్న జ్ఞానము గొప్పది. కారును చట్రము పట్టి యంత్రముతో పైకెత్తినచో ఇరుసు క్రిందికి వ్రేలాడును. అప్పుడు గూటిలో సందు ఎంతైన కనబడును. రోగి నిద్రించుచుండగా దగ్గును పరీక్షించుటవంటిది ఆ పని. చక్రములు నేల మీదనే ఉండి, బండి తన బరువు తాను మోయుచుండగా, గుంట మీద నిలిపి క్రిందనుండి చూడవలెను. ఆ కారునకు ఖాళీగా ఉన్నపుడు వెనుక భాగమున రెండు వ్రేళ్ళ సందు ఉన్నది. షెడ్డులోని కుర్రవాండ్రు నలుగురు వెనుక సీటులో కూర్చుండగానే అర వ్రేలు గూడ మిగులలేదు. బంకమట్టి పెట్టి వీధి చివర ఎత్తు దాటించి తెచ్చినపుడు, వెనుక ముద్ద అడుగంట కోసికొని పోయినది. షాఫ్టు మీద గీత చుట్టును గాజువలె ఉన్నది.

కారణములు రెండు బయటపడినవి. క్రొత్తగా వేసిన నేల రేకు పాత గూటి వంపును అనుసరింపక, చదునుగా, ఒక వ్రేలు క్రిందికి దిగి యున్నది. కమానులు విప్పి బిగించిన ఏదో యొక మరమ్మతులో ఇరుసు ఆపు రబ్బరు దిమ్మెలు తీసిన చోట మరల పెట్టబడలేదు. ఒక్కొక్కటి విడిగా ఉన్నచో బహుశః ఏ చప్పుడును లేకపోవును. రెండును కలిసినపుడు సందు మాయమైనది.

మరి క్రాసులు ఏల పోవుచున్నవి? ఇదియే అందరును గ్రహింపవలసిన భాగము. షాఫ్టు తూకము తప్పకుండ తిరుగుటకై దాని మీద చిన్న చిన్న ఇనుప బిళ్ళలు అతికింతురు. తగిలి తగిలి, ఆ బిళ్ళలలో నొకటి ఊడిపోయినది. దాని అతుకు మచ్చ మాత్రము మిగిలినది. బిళ్ళ పోయిన షాఫ్టు తూకము తప్పి అదరసాగినది. ఆ అదురు క్రాసులను నమలివేయుచున్నది. కావున క్రాసు అరుగుట రోగము కాదు, రోగఫలము. మూడు మారులు ఫలమును మార్చినారు గాని కారణమును ఎవరును ముట్టుకొనలేదు. ఆ మేస్త్రి ముందు రేకును కోసి వంపు సరిచేయించి, రబ్బరు దిమ్మెలు వేయించి, షాఫ్టును తూకమునకు పంపి, చివరకు క్రాసులు వేసినాడు. ఈ వరుస తప్పినచో నాలుగవ జత క్రాసులు గూడ అదే దారి పట్టి యుండును.

ఇట్టిచోట కొందరు సుత్తె పుచ్చుకొని గూటిని పైకి కొట్టుదురు. చప్పుడు ఆగును. ఆగినది చప్పుడు మాత్రమే. క్రుంగిన కమాను, ఊడిన దిమ్మె, తగ్గిన గేరుపెట్టె రబ్బరు అట్లే ఉండును. కొన్ని బండ్లలో ఆ గూటి అంచునబడియే బ్రేకు గొట్టము, పెట్రోలు గొట్టము పోవును. షాఫ్టు వానిని ఒరసికొని తిరిగినచో జరుగునది ఊహించుకొనవచ్చును. ముందు క్రాసు తెగినచో షాఫ్టు కొస దారి మీద పడి, పోవుచున్న బండిని క్రిందనుండి గునపమువలె పొడువగలదు. పెద్ద బండ్లలో షాఫ్టు క్రింద ఇనుప పట్టీ బిగించుట ఈ భయము చేతనే.

షాఫ్టును కురుచ చేయించునపుడు గాని, పొడిగించునపుడు గాని, కోణముల సంగతి మరువరాదు. ఈ క్రాసు కీలునకు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరును, 17వ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరును నేటికిని నిలిచి యున్నవి. ఈ కీలులో ఒక గుణమున్నది. అది వంగి తిరుగునపుడు, లోపలికి వచ్చు వేగము ఒకే రీతిగా ఉన్నను, బయటికి పోవు వేగము ప్రతి చుట్టునకు రెండు మారులు హెచ్చి, రెండు మారులు తగ్గును. వంపు 5 డిగ్రీలైనచో ఈ హెచ్చుతగ్గు నూటికి అర వంతు కూడ లేదు. 10 డిగ్రీలకు అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర వంతు. 20 డిగ్రీలకు ఆరు వంతులు దాటును. రెండవ క్రాసు అంతే వంపుతో, సరియైన దిక్కున ఉన్నచో మొదటిదాని హెచ్చుతగ్గును తుడిచివేయును. కాబట్టి గొట్టమును కోసి అతికించునపుడు రెండు కొసల చెవులు ఒకే తలములో ఉండవలెను. గేరుపెట్టె వంపును డిఫరెన్షియల్ వంపును సరితూగవలెను. గుంటల భయముతో కమానులో పట్టీ చేర్చి బండిని ఎత్తు చేసినవారికి చప్పుడు లేకున్నను అదురు వచ్చుటకు హేతువు ఇదియే. సందు పెరిగినది గాని వంపు కూడ పెరిగినది.

పొడవు విషయమునను ఇట్లే. జారు పళ్ళు లోపలికి పోవుటకు కొంత చోటు మిగిలి యుండవలెను. ముప్పాతిక అంగుళమునుండి ఒక అంగుళము వరకు విడుచుట వాడుక; ఐనను బండి తయారీదారు పుస్తకములో కొలత ఉన్నచో అదియే ప్రమాణము. చోటు చాలనిచో గుంటలో షాఫ్టు గేరుపెట్టెను సుత్తెవలె పొడుచును. ఆ చప్పుడు గూడ “దడ్” మనియే ఉండును, గూటిలో మాత్రము మచ్చ ఉండదు. కమాను నడుమ బోల్టు తెగి ఇరుసు ముందుకు జరిగినను ఇదే జరుగును. వెనుక చక్రము మడ్‌గార్డు నడుమ ఉన్నదా, ముందుకు జరిగినదా అని ప్రక్కనుండి చూచినచో ఇంటివారికే తెలియును.

నేడు మన ఇండ్లలోని చిన్న కారులలో ఎక్కువ వాటికి ఈ పొడవైన షాఫ్టే లేదు. 1983 చివర మారుతి 800 వచ్చినది మొదలు, ముందు చక్రములనే ఇంజను త్రిప్పు పద్ధతి మనకు అలవాటైనది. వీనిలో గేరుపెట్టెనుండి ముందు చక్రములకు రెండు పొట్టి షాఫ్టులు పోవును. వీని కీళ్ళు వేరు. వంపులోను వేగము మారకుండ త్రిప్పగలవు. ఐతే వీనికిని హద్దున్నది. బండిని దించినచో షాఫ్టు చట్రపు అంచునకు తగులవచ్చును. స్ప్రింగుల మీద దిమ్మెలు పెట్టి ఎత్తినచో కీలు ఎల్లప్పుడు వంగియే తిరుగును. స్టీరింగు పూర్తిగా త్రిప్పి మెల్లగా పోవునపుడు “టక్ టక్” మన్నచో చక్రము వైపు కీలును, తిన్నగా లాగునపుడు వణకినచో గేరుపెట్టె వైపు కీలును అనుమానింపవలెను. కీలు మీది రబ్బరు తొడుగు చినిగి, చక్రము లోపలివైపున గ్రీజు చిమ్మి యున్నచో ఇక ఆలస్యము చేయరాదు.

విజయవాడవారు మరువలేని మరియొక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరు మొదలైన పేటలు మునిగినపుడు ఎన్నో వాహనములు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. అట్టి బండ్లలో ఇంజనును శుభ్రము చేయించి ఊరకున్నవారు క్రాసులను గూడ చూపించుకొనవలెను. నీరు చొచ్చిన క్రాసులో గ్రీజు చెడి, లోపలి సన్నని సూది బేరింగులు తుప్పుపట్టును. క్రాసు మూతల చుట్టును ఎర్రని పొడి కనబడుట దాని ఆనవాలు.

మార్పు చేయించువారు చట్టమును గూడ తెలిసికొని యుండవలెను. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను మరల గట్టిగా చెప్పినది. ఇంజను మార్చుటకు రవాణా శాఖ అనుమతి కావలెను. అనుమతి లేని మార్పు వలన ప్రమాదము జరిగినపుడు బీమా సొమ్ము విషయమున చిక్కులు రావచ్చును.

ఒక్క హెచ్చరిక. జాకీ మీద నిలిపిన బండి క్రిందికి ఎవ్వరును దూరరాదు. గట్టి స్టాండులు గాని, మేస్త్రి గుంట గాని ఉండవలెను. ఇంజను నడచుచుండగా తిరుగు షాఫ్టునొద్దకు తువాలుతోను, పైటకొంగుతోను పోరాదు. సెకండునకు ముప్పదియేడు మారులు తిరుగు వస్తువు పట్టుకొనిన గుడ్డను విడువదు.

ఇంటివారు మేస్త్రి వద్దకు పోవుటకు ముందు ఒక చిన్న కాగితము మీద ఐదు సంగతులు వ్రాసికొని పోవుట మంచిది. చప్పుడు ఏ వేగమున వచ్చుచున్నది? బండిలో ఎందరున్నపుడు వచ్చుచున్నది? గుంటలోనా, ఎత్తులోనా, మలుపులోనా? ఇంజను వేగము మార్చినచో మారుచున్నదా? ఇంతకుముందు బండిలో ఏమి మార్పించితిమి, ఎప్పుడు? ఈ ఐదవ ప్రశ్నకు జవాబు దాచుకొనరాదు. వైద్యుని వద్ద పాత మందులు దాచినవానికి క్రొత్త మందు ఎట్లు పని చేయును? వెనుక సీటులో నలుగురు కూర్చున్నపుడు మాత్రమే మూలుగు బండిని ఆ నలుగురితోనే పరీక్షింపజేయుడు. ఎందుకనగా, సందు లేని షాఫ్టు తిరుగుచున్నది ఆ నలుగురి పాదముల క్రిందనే.